ఇల్లు ఖాళీ చేస్తున్నారు, బాపు పుస్తకాలు ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకూ తెలుస్తుంది. హనుమకొండ సుబేదారిలో మీ పాత ఇల్లు అపార్ట్‌మెంట్ కట్టడానికి డెవలప్‌మెంట్‌కు ఇచ్చారు. రెండు నెలల్లో ఖాళీ చేయాలి. నిరుడు కాలం చేసిన మీ బాపు, అంటే మీ నాన్నగారు, హైస్కూల్లో లెక్కల సారు. నాలుగు బీరువాలు, సజ్జ మీద గోనె సంచులు, మంచం కింద ట్రంకు పెట్టె, అన్నిట్లోనూ పుస్తకాలే. మీరుండేది బెంగళూరులో రెండు గదుల ఫ్లాట్‌లో. తమ్ముడు లైబ్రరీకి ఇచ్చేద్దామంటున్నాడు, మీ ఆయన పాత పేపర్లవాళ్లకు వేసేయమంటున్నారు, అమ్మ ఏమీ అనడం లేదు. మీకేమో ఒక్క పుస్తకం గడప దాటినా బాపునే పంపించినట్టు అనిపిస్తోంది. ఇంకో మాట కూడా రాశారు. చిన్నప్పుడు అన్నం మానేసి చదివిన మీకు, ఇప్పుడు బాపు బీరువాలో పై అర కావ్యాలు పట్టుకుంటే పది పేజీలు సాగడం లేదట. "నేనే చదవనప్పుడు ఇవన్నీ ఎవరి కోసం" అన్నారు.

నేను వరంగల్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. ఇంటి పెద్ద పోయాక బీరువాలు తెరిచి, "సార్, ఒకసారి వచ్చి చూడండి" అని పిలిచినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరి ఇళ్లలోనూ రెండే పక్షాలు. ఒకటి, అన్నీ ఉంచాలి. రెండు, అన్నీ పంపించాలి. నేను రెండిటికీ ఒప్పుకోను. మీ బాపుకు పుస్తకాలతో ఉన్న సంబంధం ఆయనది. అన్నీ మోసుకుపోయినంత మాత్రాన అది మీకు రాదు, ఇచ్చేసినంత మాత్రాన ఎటూ పోదు. కాబట్టి బీరువాల లెక్కన ఆలోచించకండి. ఆయన ఏ పుస్తకంతో ఎలా మెలిగారో చూసుకుంటూ వెళ్లండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

అది ఎలా తెలుస్తుందంటారా, పుస్తకమే చెప్తుంది. చదివిన పుస్తకం వెన్ను విరిగి ఉంటుంది, నిలబెట్టినా ఒక పేజీ దగ్గర తనంతట తనే తెరుచుకుంటుంది. కింది మూల వేలితో తిప్పీ తిప్పీ నల్లబడుతుంది. చదవని పుస్తకాల్లో కొన్నిటికి పేజీల అంచులు కూడా విడివడి ఉండవు. మీకు ఆశ్చర్యం కలగొచ్చు, ఎంత చదువరి ఇంట్లోనైనా చదవని పుస్తకాలు తక్కువేమీ ఉండవు. ఆవిష్కరణ సభకు వెళ్తే రచయిత చేతిలో పెట్టినవి, రిటైర్‌మెంట్ రోజు శాలువాతో పాటు ఇచ్చినవి, "సారుకు గౌరవంతో" అని శిష్యులు సంతకం పెట్టి ఇచ్చిన మొదటి కవితా సంపుటాలు. మన హనుమకొండలో కవులకు లోటు లేదు కదా, ఒక్కో సారు ఇంట్లో ఇవే ఒక అర నిండా ఉంటాయి. వీటిని పంపించడానికి మీరు బాధపడనక్కర్లేదు. కాకపోతే సంతకం ఉన్న పేజీకి ఫోటో తీసి పెట్టుకోండి. ఆ పేజీని చింపొద్దు.

రెండో గుర్తు, మొదటి పేజీలో ఆయన రాత. ఆ తరం వాళ్లకు కొన్న తేదీ, ఊరు రాసే అలవాటు ఉండేది. కాజీపేట నుంచి వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి పుస్తకాల్లో ప్రతి దాని మీదా పేరు, తేదీతో పాటు "బండి 3 గంటలు లేటు", "కొత్త జీతం", "బాకీ తీరింది" లాంటి ముక్కలు ఉండేవి. వరసగా పెట్టి చూస్తే ఆయన జీవితం మొత్తం అక్కడే ఉంది. అలాంటివి ఉంటే ముందు ఆ పేజీలన్నిటికీ తేదీల వరసలో ఫోటోలు తీయండి. మీకు బాపు కావాలంటే ఆయన దొరికేది అక్కడే. లోపలి కథ బజారులో ఎవరికైనా దొరుకుతుంది.

లెక్కల సారు అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. ఆయన బీరువాలో మాస్కో నుంచి వచ్చిన మిర్ పబ్లిషర్స్ లెక్కల పుస్తకాలు, భౌతికశాస్త్రం పుస్తకాలు తప్పకుండా ఉంటాయి. ఇప్పుడు ఎన్‌ఐటీ అంటున్న ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ 1959లో వచ్చాక ఆ పుస్తకాలకు ఈ ఊళ్లో మంచి గిరాకీ ఉండేది. అట్ట గట్టిది, కాగితం నున్నటిది, ధర చూస్తే నవ్వొచ్చేంత తక్కువ. మాస్కోలోనే ఉన్న ప్రోగ్రెస్, రాదుగ ప్రచురణ సంస్థలవాళ్లు తెలుగులోకి అనువదించి అక్కడే అచ్చేసి పంపిన కథలు, నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు కూడా విశాలాంధ్ర పుస్తకాల షాపుల ద్వారా మన జిల్లాలకు వచ్చేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. ఇప్పుడు వాటి కోసం వెతికేవాళ్లు బాగానే ఉన్నారు. వాటిని తూకానికి వేయొద్దు. మీ పిల్లలు చిన్నవాళ్లైతే ఆ బొమ్మల పుస్తకాలు రెండు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక తమ్ముడి మాట, లైబ్రరీ సంగతి. ఆలోచన మంచిదే, కానీ లారీలో తీసుకెళ్లి దింపితే అయిపోయే పని కాదు. లైబ్రరీలోకి ఒక పుస్తకం రావాలంటే రిజిస్టర్‌లో నంబరు పడాలి, వర్గం వేయాలి, ముద్ర కొట్టాలి, అరలో చోటు ఉండాలి. అప్పటికే నాలుగు కాపీలున్న నవలకు ఐదో కాపీ వస్తే దాన్ని ఏం చేయాలి? దానంగా వచ్చిన సంచులు మూతి విప్పకుండా మెట్ల కింద ఏళ్ల తరబడి పడి ఉండటం నా కళ్లతో చూసినవాణ్నే. అది ఎవరి తప్పని చెప్పను. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మీ బాపు దాచిన ఇంటిపన్ను రసీదుల్లో ఆ గడి కనిపిస్తుంది. ఆ డబ్బు వేళకు లైబ్రరీకి చేరితే చాలా సంగతులు వేరుగా ఉండేవి, అది ఇంకో గొడవ.

ఇంకొకటి, ఇప్పుడు లైబ్రరీలో కూర్చునేది ఎక్కువగా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు. పొద్దున్నే టిఫిన్ డబ్బాతో వచ్చి, సొంత పుస్తకాలు పరుచుకుని, రాత్రి తాళం వేసేదాకా ఉంటారు. వీళ్లను చూసి "ఇదేం చదువు" అని పెదవి విరిచే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. నర్సంపేట నుంచి, ములుగు నుంచి వచ్చి గది అద్దె కట్టలేక లైబ్రరీ కుర్చీని నమ్ముకున్న పిల్లకు చేతిలోని పుస్తకంతో ఉన్న సంబంధం మన నవలా ప్రేమకంటే గట్టిది, దాని మీద బతుకు ఆధారపడి ఉంది. మీ బాపు దగ్గర మంచి వ్యాకరణాలు, నిఘంటువులు, తెలంగాణ చరిత్ర పుస్తకాలు ఉంటే వాళ్లు వాడతారు. లెక్కల పుస్తకాలైతే కళ్లకద్దుకుంటారు. పాత సిలబస్ గైడ్లు మాత్రం ఇవ్వొద్దు, వాటితో తప్పుదారి పడతారు.

కాబట్టి ఇలా చేయండి. ముందు పేర్ల లిస్టు రాయండి: పుస్తకం, రచయిత, ప్రచురణ సంవత్సరం, ఎలా ఉంది. చేత్తో రాసినా సరిపోతుంది. ఆ లిస్టు తీసుకుని వెళ్లి మాట్లాడండి, వాళ్లకు కావలసినవి వాళ్లే టిక్ పెడతారు. హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వచ్చిన మూడేళ్లకే మన ఊళ్లో పెట్టారు. నిజాం కాలంలో, బడి చదువు ఉర్దూలో సాగుతున్న రోజుల్లో, తెలుగు చదువుకోవాలనుకున్నవాళ్లు కూడబలుక్కుని నిలబెట్టిన లైబ్రరీ అది. పాత తెలుగు పుస్తకాలకు అలాంటి చోట విలువ తెలుస్తుంది. లెక్కలవి మీ బాపు పనిచేసిన బడికే ఇవ్వండి, ఆయన పేరు చెప్తే తీసుకునేవాళ్లుంటారు. కానీ "బాపు పేరుతో ప్రత్యేకంగా ఒక బీరువా పెట్టాలి, తాళం వేయాలి" అని షరతు పెట్టొద్దు. తాళం వేసిన బీరువాను ఎవరూ తెరవరు.

కొన్ని మాత్రం ఎవరికి ఇచ్చినా పోగుపడిన చెత్తలా కనిపిస్తాయి, అసలు విలువైనవి అవే. పల్చటి పత్రికలు, కరపత్రాలు, సభల సావనీర్లు. అచ్చయిన నవల ఏదో ఒక మూల దొరుకుతుంది. వెయ్యి కాపీలు వేసి, సగం పంచి, సగం చెదలకు పోయిన చిన్న పత్రిక మళ్లీ దొరకదు. వరంగల్ నుంచి 1966లో మొదలైన 'సృజన' సాహిత్య పత్రిక పాత సంచికలు, 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి పెట్టిన దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలు, అణా గ్రంథమాల చిన్న పుస్తకాలు, మీ తాతగారి కాలంలో, నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల కోసం నడిచిన ఆంధ్ర మహాసభ కాగితాలు, ఇవేవైనా కనిపిస్తే పక్కన పెట్టండి. ఆళ్వారుస్వామి పుస్తకాలు తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. అలా అమ్మిన కాపీ ఒకటి మీ ఇంట్లో ఉండే అవకాశం లేకపోలేదు. ట్రంకు పెట్టెలో ఉర్దూ పుస్తకాలు కనిపిస్తే "మనకు రాదు" అని తీసేయకండి. మీ తాతగారు చదువుకున్నది ఉర్దూ మీడియంలోనే అయ్యుంటుంది. ఉర్దూ వచ్చిన పెద్దమనిషిని ఎవరినైనా ఒక పూట కూర్చోబెట్టి పేర్లు చదివించుకుంటే అవి దస్తావేజులో, షాయరీయో, బడి వాచకాలో తేలిపోతుంది.

ఏది అరుదో ఏది కాదో తెలియకపోతే ఒక తేలిక పద్ధతి ఉంది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. అక్కడ పేరు కొట్టి చూడండి. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చిన స్పెల్లింగుతో ఎక్కించారు కాబట్టి రెండు మూడు రకాలుగా వెతకాలి. స్కాన్ దొరికితే ఆ కాపీ పోయినా పుస్తకం పోదన్న ధైర్యం ఉంటుంది. దొరకలేదంటే దాన్ని జాగ్రత్తగా చూడాలి. మీరే స్కాన్ చేసి పెడదామనుకుంటే రచయిత పోయి 60 ఏళ్లు దాటిందా లేదా చూసుకోండి, మన దేశంలో కాపీరైట్ అంతవరకు ఉంటుంది.

మొదటి పేజీ చిరిగిపోయిన పుస్తకాలు చూసి "బాపు ఇంత అజాగ్రత్తగా ఉండేవారా" అనుకోవద్దు. మన జిల్లాల్లో ఆ పేజీకి వేరే కథ ఉంటుంది. 1975 నుంచి 77 దాకా ఎమర్జెన్సీలోనూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ, ఇంట్లో ఫలానా పుస్తకం ఉందంటే పోలీసులు అడిగే రోజులున్నాయి. సోదాలు జరుగుతున్నాయని తెలిస్తే పేరున్న పేజీ చింపి పొయ్యిలో వేసి, పుస్తకాన్ని మాత్రం వడ్ల గుమ్మిలో దాచినవాళ్లున్నారు. కొందరు అట్ట తీసి వేరే అట్ట అంటించేవాళ్లు. భక్తి పుస్తకం అట్ట తెరిస్తే లోపల రాజకీయార్థశాస్త్రం! కొడుకు పుస్తకాలను తల్లి అర్ధరాత్రి బావిలో వేసిన ఇల్లు కూడా నాకు తెలుసు. ఆమెకు చదువు రాదు. ఆమె ఆ పుస్తకాలను చూసిన చూపు, కొడుకు చూసిన చూపు రెండూ నిజమే. అంత భయంలోనూ మీ బాపు పారేయకుండా ఉంచుకున్న పుస్తకం ఏదైనా ఉంటే, అది మీ బెంగళూరు ఫ్లాట్‌కు వెళ్లాల్సిన వాటిలో మొదటిది.

ఇప్పుడు అసలు మాట అడుగుతాను. మీరు ఇంత పొడుగు ప్రశ్న రాశారు, అందులో అన్నీ "బాపు పుస్తకాలు". అమ్మా, మీ అమ్మగారి పుస్తకాలు ఏవి?

ఆవిడ ఏమీ అనడం లేదన్నారు. ఎవరైనా ఆవిడను అడిగారా? మన ఇళ్లలో బీరువా మగవాళ్లది, సజ్జ ఆడవాళ్లది. గోనె సంచుల్లో ఏముందో మీరు రాయలేదు. నా అంచనా చెప్తాను: వారపత్రికల సీరియళ్లు. అరవైలు, డెబ్బైలు, ఎనభైల్లో తెలుగు ఆడవాళ్ల చదువంతా వాటిమీదే నడిచింది. పుస్తకంగా వచ్చేదాకా ఆగే ఓపిక లేక, వచ్చాక కొనే డబ్బు చేతిలో లేక, వారం వారం పేజీలు విప్పి దాచి, సీరియల్ అయిపోయాక కుట్టించేవాళ్లు. కొందరు బైండింగ్ షాపుకు ఇచ్చేవాళ్లు, కొందరు తామే కుట్టుకునేవాళ్లు. మగవాళ్లు వీటిని పుస్తకాల లెక్కలో వేయలేదు. నేను పనిలో చేరిన కొత్తలో లైబ్రరీలు కూడా వేయలేదు.

మట్టెవాడలో ఒక ఇంట్లో నేను చూసిన అలాంటి పుస్తకం గురించి చెప్తాను. అట్టకు ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ అంటించి ఉంది. కుట్టు దబ్బనంతో, పురికొసతో. పేజీల నంబర్లు ఒక్కో వారం ఒక్కోలా ఉంటాయి కదా, వాటిని కొట్టేసి ఎర్ర పెన్సిల్‌తో ఒకటి నుంచి వరసగా మళ్లీ వేసుకున్నారు. పేజీ తిప్పితే వెనకవైపు సగం తెగిన సబ్బు ప్రకటన, వారఫలాల్లో ఏదో రాశికి "ధనలాభం", ఎవరికో వచ్చిన చర్మవ్యాధికి డాక్టరు జవాబు. మధ్యలో ఒక వారం సంచిక దొరకలేదు. ఆ చోట రూళ్ల నోటుబుక్కు కాగితం రెండు పేజీలు కుట్టి ఉంది. ఆ వారం కథను పక్కింటావిడ చెప్తే విని, ఇంటావిడ సొంత మాటల్లో రాసుకున్నారు. పాత్రల మాటలతో సహా రాశారు. చివర బ్రాకెట్లో "ఇక్కడ ఆమె ఏడ్చిందట, నాకైతే ఏడవాల్సినంత ఏమీ కనిపించలేదు" అని ఉంది. వరంగల్‌లో నేను చదివిన సాహిత్య విమర్శలో అంత సూటి వాక్యం తక్కువ. వాళ్లబ్బాయి ఆ కట్టను నాకు చూపించింది "ఇవి పారేసేవి సార్, వీటిని పట్టించుకోకండి" అని చెప్పడానికే.

అందుకని మీరు బీరువాలు ముట్టుకోకముందు సజ్జ మీది సంచులు దింపించి అమ్మగారి ముందు విప్పండి. పక్కన కూర్చోండి. "ఇవి ఉంచాలా పడేయాలా" అని అడగొద్దు, ఆవిడ "పడేయండి, ఎందుకవి" అంటారు. అలా అనడం వాళ్లకు అలవాటైపోయింది. "ఇది ఏ సంవత్సరం వచ్చింది, ఎవరి దగ్గర తెచ్చుకునేదానివి" అని అడగండి. ఏ అద్దె పుస్తకాల షాపు, రోజుకు ఎంత తీసుకునేవాళ్లు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పుస్తకాన్ని వంతులు వేసుకుని ఎలా చదివేవాళ్లు, అత్తగారు చూడకుండా ఎక్కడ దాచేవాళ్లు, అన్నీ వస్తాయి. ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి. బాపు గురించి మీకు తెలియనివి కూడా అందులోనే వస్తాయి, ఎందుకంటే ఆ పత్రికలు కొనడానికి డబ్బులు ఇచ్చినా, ఇవ్వనన్నా ఆయనే కదా.

మీ చదువు పోయిందన్న దాని గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఫోన్ వల్ల మనసు నిలవడం లేదన్నది నిజమే, కాదనను. కానీ మీరు మళ్లీ మొదలుపెట్టడానికి ఎంచుకున్నవి చూశారా? బాపు బీరువాలో పై అర, లావుపాటి కావ్యాలు, వ్యాఖ్యానాలు. ఏళ్ల తర్వాత పుస్తకం పట్టుకునేవాళ్లు అక్కడ మొదలుపెడితే ఎవరికైనా పది పేజీల్లో ఆవలింత వస్తుంది. అది చదవడం కాదు, తద్దినం పెట్టడం. చిన్నప్పుడు మీరు అన్నం మానేసి చదివినవి ఏమిటి? డిటెక్టివ్‌లా, చందమామలా, అమ్మ దగ్గర లాక్కుని చదివిన సీరియళ్లా? వాటితోనే మొదలుపెట్టండి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. లైబ్రరీ కౌంటర్లో పుస్తకం తిరిగిచ్చేటప్పుడు సిగ్గుపడుతూ "మా పిల్లల కోసం తీసుకున్నా సార్" అనే పెద్దలు రోజుకొకరైనా వచ్చేవాళ్లు. వాళ్లే మా దగ్గర మంచి పాఠకులు.

ఇంకో దారి కూడా ఉంది. అమ్మగారికి చదివి వినిపించండి. ఈ వయసులో కళ్లు అక్షరాలకు సహకరించవు, వారపత్రికల పాత అచ్చు మరీ చిన్నది. పైకి చదవడం మనకు కొత్తేమీ కాదు. బమ్మెర పోతన మన జనగామ జిల్లావాడే. ఆయన పద్యాలు అక్షరం రాని ఇళ్లలో కూడా నోటికి వచ్చాయంటే ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని చదివితే పదిమంది విన్నందువల్లే. ఊళ్లో పేపరు కూడా ఒకరు చదివితే చుట్టూ కూర్చున్నవాళ్లు వినేవాళ్లు. పైకి చదివేటప్పుడు ఫోన్ చూడటం కుదరదు, పేజీలు దాటేయడమూ కుదరదు. వినేవాళ్లు "ఆగు, మళ్లీ చదువు" అంటారు. బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో రోజూ ఒక అరగంట చదివినా చాలు. ఆ ఆకుపచ్చ గుడ్డ పుస్తకంలాంటిది మీ సజ్జ మీద దొరికితే దాంతోనే మొదలుపెట్టండి. కథ ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆవిడకు గుర్తుంటుంది, మీకంటే ముందే చెప్పేస్తారు. చెప్పనివ్వండి.

పుస్తకాలను పట్టుకునే ముందు కొన్ని జాగ్రత్తలు, వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. పాత బీరువాల్లో పుస్తకాల మధ్య తెల్లపొడి కనిపిస్తే అది గమేక్సిన్ అనే పురుగుమందు అయ్యుండొచ్చు. ఒకప్పుడు చెదలకని ఇళ్లలో, లైబ్రరీల్లో కూడా దులిపేవాళ్లు. అది విషం. మాస్కు, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు, పొడిని ఊదకుండా తడిబట్టతో తుడిచి ఆ బట్టను పారేయండి. చెదలు పట్టిన పుస్తకాలను మిగతావాటితో కలిపి డబ్బాలో వేయొద్దు. మట్టి దులిపి, విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టండి. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండినది పెట్టాలి, పచ్చిది పెడితే తేమకు కాగితం మీద మరక పడుతుంది. చిరిగిన పేజీకి సెలోటేప్ అసలు వేయొద్దు, కొన్నేళ్లకు అది గోధుమరంగు చారగా మారి అక్షరాలను తినేస్తుంది. పల్చటి కాగితం ముక్క, మైదా జిగురు చాలు. బైండింగ్ చేసేవాళ్లు ఆ జిగురులో పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం కలుపుతారు, కాబట్టి దాన్ని పిల్లలకు దూరంగా ఉంచండి. చౌక కాగితం మీద అచ్చైన నవలలు పచ్చబడి, మడిస్తే అప్పడంలా విరుగుతాయి. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఆ కాగితంలో ఉండే కలప పదార్థమే గాలి, వెలుతురు తగిలి అలా మారుతుంది. వాటిని ఎండలో పెడితే ఇంకా త్వరగా పోతాయి, నీడలో ఫ్యాను కిందే ఆరబెట్టాలి.

2023 జులై వరదల్లో నయీంనగర్‌లో, హంటర్ రోడ్డు వైపు చాలా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మీ సంచులు ఎప్పుడైనా తడిసి ఆరినవైతే లోపల బూజు ఉంటుంది. అలాంటివి ఇంట్లో విప్పకుండా డాబా మీద నీడలో విప్పండి, ఆస్తమా ఉన్నవాళ్లు దగ్గరికి రావద్దు. ప్యాకర్స్‌వాళ్లు పెద్ద డబ్బాలు తెస్తారు, ఒప్పుకోవద్దు. పుస్తకాలకు చిన్న డబ్బాలే వాడాలి, లేకపోతే అడుగు ఊడుతుంది.

బెంగళూరుకు ఎన్ని తీసుకెళ్లాలని అడిగారు. ఒక అర. మీ ఫ్లాట్ చూడకుండానే చెప్తున్నాను. దాంట్లో సగం బాపు చేతిరాత ఉన్నవి, అమ్మ కుట్టినవి. మిగతా సగం ఖాళీగా ఉంచండి, మీరు కొనుక్కునే వాటి కోసం. తమ్ముడికీ ఒక అర ఇవ్వండి, ఏవి కావాలో వాణ్నే ఏరుకోనివ్వండి. "నాకేమీ వద్దు" అని ఇప్పుడంటాడు. రెండు పుస్తకాలు నా మాట విని పక్కన పెట్టి ఉంచండి, తర్వాత అడుగుతాడు. వీటన్నిటి తర్వాత మిగిలినవి, చెదలు తిన్నవి, పాత గైడ్లు, చెల్లిపోయిన డైరెక్టరీలు పాత పేపర్ల దుకాణానికి వెళ్తాయి. మీ ఆయన మాటా కొంత నెగ్గుతుంది. తూకం వేసేటప్పుడు మీరు అక్కడ ఉండకపోతే మంచిది. వేసే ముందు మాత్రం ప్రతి పుస్తకాన్నీ తలకిందులుగా పట్టుకుని ఒకసారి దులపండి. శుభలేఖలు, పోస్టుకార్డులు, ఆర్టీసీ టికెట్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు రాలతాయి. ఒక ఇంట్లో భూమి కాగితం రాలింది, దానికోసం అన్నదమ్ములు అప్పటికే కోర్టు చుట్టూ తిరుగుతున్నారు.

చివరగా, ఆ బీరువాల్లో మీ బాపువి కాని పుస్తకాలు కూడా ఉంటాయి. బడి ముద్ర ఉన్నవి, లైబ్రరీ ముద్ర ఉన్నవి, లోపల వేరే సార్ల పేర్లున్నవి. తెచ్చుకుని ఇవ్వడం మర్చిపోయినవి ప్రతి చదువరి ఇంట్లోనూ ఉంటాయి, ఇది పరువు సమస్య కాదు. లైబ్రరీవి లైబ్రరీకి తిరిగి ఇచ్చేయండి, ఇన్నేళ్ల ఫైను కట్టమని మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు, టీ ఇచ్చి కూర్చోబెట్టినా ఆశ్చర్యం లేదు. స్నేహితులవి వాళ్ల ఇళ్లకు మీరే తీసుకెళ్లండి, లేదా వాళ్ల పిల్లలకు ఫోన్ చేయండి. వాళ్ల దగ్గరా మీ బాపు పుస్తకాలు కొన్ని ఉండే ఉంటాయి. వాళ్లంతట వాళ్లు ఇస్తే తీసుకోండి, మీరుగా అడగొద్దు.